మరణశాసనము వ్రాయని విశ్వాసి

విశ్వాసి మరణమునకు భయపడడని సంఘములలో తరచుగా చెప్పబడుచున్నది. సమాధి కూటములలో ఆ మాట మరింత ధైర్యముగా ప్రకటింపబడును. అయినను అదే విశ్వాసిని అతని యింట కూర్చుండబెట్టి, అతని తరువాత ఇల్లు ఎవరికి చెందవలెనో ఒక కాగితముమీద వ్రాయుమని అడిగినయెడల, అతడు మాట మార్చును. "అంతయు ప్రభువే చూచుకొనును" అనును; లేక, "ఇప్పుడే ఆ మాట ఎందుకు?" అని నొచ్చుకొనును. భార్య వినుచుండగా ఆ ప్రస్తావన తెచ్చుట అపశకునమని తలంచువారు క్రైస్తవులలోను తక్కువమంది కారు. ఈ జవాబు విశ్వాసమునుండి పుట్టినదా, లేక భయమే విశ్వాసపు వస్త్రము ధరించి వచ్చినదా అనునది విచారింపదగిన ప్రశ్న.

మరణశాసనము అను మాట తెలుగు క్రైస్తవునికి క్రొత్తది కాదు. కోర్టులోను కచేరీలోను వీలునామా అనబడునదే హెబ్రీ పత్రిక తొమ్మిదవ అధ్యాయములో మరణశాసనముగా కనబడుచున్నది. అచ్చట మూలభాషయైన గ్రీకులో నిబంధనకును వీలునామాకును ఒకే పదము వాడబడినది. క్రొత్త నిబంధన అను పేరులోనే, చనిపోవుచున్నవాడు తనవారికి విడిచిపెట్టు స్వాస్థ్యము అను భావము ఇమిడియున్నది. ప్రతి ఆదివారము ఆ గ్రంథమును చేతపట్టుకొని వెళ్లు మనుష్యుడు వీలునామా అనగానే వెనుకకు తగ్గుట వింతయే.

హిజ్కియా రోగియై పడియున్నప్పుడు యెషయా ప్రవక్త అతనియొద్దకు తెచ్చిన వర్తమానములో ఇంటిని చక్కబెట్టుకొనవలెనను ఆజ్ఞ యుండెను. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని తెలుగువారు తరతరములుగా చెప్పుకొను సామెతయు ఆ భావమునే పలుకుచున్నది. ఆ రాజు గోడతట్టు తిరిగి ఏడ్చి, పదునైదు సంవత్సరముల ఆయుష్షు పొందెను. ఆయుష్షు పెరిగినది గాని ఆజ్ఞ రద్దుకాలేదు. అయితే ఇంటిని చక్కబెట్టుకొనుటయే నీతి యనుకొనుటయు పొరపాటే. దావీదునకు ద్రోహము చేసిన అహీతోపెలుకూడ తన ఇల్లు చక్కబెట్టుకొనియే ఉరిపోసికొనెను. పత్రములు సరిగానుండి హృదయము సరిగాలేనివారు ఆ దినములలోను ఉండిరి.

ఈ ప్రశ్న ఎంత నిజమైనదో తెలిసికొనుటకు బిలాస్‌పూర్‌లోని తోర్వా వంటి చోటును తలంచుట మంచిది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడి, తూర్పు పడమరలను కలుపుచు ఈ ప్రాంతముగుండా దారి వేసినది. ఆ దారివెంబడి పనికొరకు ఉత్తరాంధ్ర జిల్లాలనుండి తెలుగువారు తరలివచ్చిరి. శ్రీకాకుళము, బొబ్బిలి ప్రాంతములలో కెనడా బాప్తిస్టు మిషనరీల సేవ జరిగిన గ్రామములనుండి బయలుదేరినవారు తమ బైబిలును, పాటల పుస్తకమును వెంట తెచ్చుకొనిరి. అర్పా నది యొడ్డున తోర్వాలోను, సమీపపు రైల్వే కాలనీలలోను తెలుగు మాట వినబడుచునే యున్నది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడగా హైకోర్టు బిలాస్‌పూర్‌లోనే వెలసినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ పట్టణమే ముఖ్యస్థానమైనది.

రైల్వే ఊరిలో ఆస్తి అనునది ఒక విచిత్రమైన వస్తువు. ముప్పది సంవత్సరములు నివసించిన క్వార్టరు ఉద్యోగిది కాదు. పదవీ విరమణ తరువాత దానిని ఖాళీచేయవలెను. కనుక ఉద్యోగి ప్రావిడెంటు ఫండు సొమ్ముతో తోర్వాలోనో, మరియొక పేటలోనో చిన్న స్థలము కొని ఇల్లు కట్టుకొనును. ఊరిలో తండ్రి వదలిన భూమి కొంత మిగిలియుండును. సర్వీసు రికార్డులో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో బాప్తిస్మపు పేరు, ఊరి పట్టాలో మూడవ విధమైన పేరు ఉండుటయు కలదు. ఒక్క మనుష్యుడు, మూడు పేర్లు, రెండు రాష్ట్రములలో ఆస్తి. ఇట్టివాడు ఏమియు వ్రాయక మరణించినచో అతని పిల్లలు దహన ఖర్చుకంటె పెద్ద ఖర్చును కోర్టులలో పెట్టవలసి వచ్చును. దహనము కాదు, సమాధి యనవలెను. అయినను అప్పు ఒక్కటే.

అయితే ఖర్చు అసలైన సంగతి కాదు. అసలైనది ఊరిలోనున్న తల్లి.

ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. కుమారుడు బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. తండ్రి లేడు. తల్లి పార్వతీపురము దగ్గర గ్రామములో నివసించుచున్నది. అతని చదువుకొరకు ఆమె తన మెడలోని బంగారము అమ్మినది. అతడు నెలనెల ఆమెకు సొమ్ము పంపుచున్నాడు. సెలవులకు రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పోవు బండి యెక్కి ఆమెను చూచివచ్చుచున్నాడు. నలువదియైదేండ్ల వయస్సున అతడు హఠాత్తుగా మరణించెను. భార్యయు, ఇద్దరు పిల్లలును ఉన్నారు. వీలునామా లేదు. అతని ఆస్తిలో తల్లికి వచ్చు భాగమెంత?

ఏమియు లేదు.

అనేక క్రైస్తవ కుటుంబములకు ఇది తెలియదు. భారతీయ క్రైస్తవుల విషయములో వర్తించునది 1925 సంవత్సరపు భారత వారసత్వ చట్టము. వీలునామా లేక మరణించినవానికి భార్యయు సంతానమును ఉన్నయెడల, మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు సంతానమునకు చెందునని 33వ సెక్షను చెప్పుచున్నది. సంతానమున్నప్పుడు తల్లిదండ్రులకు ఆ చట్టములో చోటు లేదు. సంతానము లేనప్పుడు మాత్రమే తండ్రి ముందుకు వచ్చును. తండ్రియు లేనప్పుడు తల్లి, మృతుని సోదరసోదరీలతో సమముగా పంచుకొనును. ప్రక్క క్వార్టరులోని హిందూ ఉద్యోగి అదే విధముగా మరణించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము అతని తల్లి భార్యతోను పిల్లలతోను సమానముగా ప్రథమ శ్రేణి వారసురాలు. తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞను గోడకు వ్రేలాడదీసికొను ఇంటిలోనే తల్లి వట్టి చేతులతో నిలుచును.

కుటుంబ పెన్షను ఆమెకు వచ్చునా? అదియు రాదు, అది నియమముల ప్రకారము విధవరాలికి, ఆమె తరువాత అర్హులైన పిల్లలకు వెళ్లును. కుమారుడు కోరినను దానిని వీలునామాలో తల్లికి వ్రాయజాలడు. 1991లో సుప్రీంకోర్టు తీర్చిన ఒక వ్యాజ్యములో ఈ సంగతి స్పష్టమైనది. ఉద్యోగములోనుండగా మరణించిన ఒక రైల్వే ఉద్యోగి యొక్క సోదరుడు వీలునామా నొకదానిని చూపి, రావలసిన సొమ్ములు తనవని వాదించెను. కుటుంబ పెన్షను మృతుని ఆస్తిలో భాగము కాదనియు, దానిని వీలునామాద్వారా ఇచ్చు అధికారము ఉద్యోగికి లేదనియు కోర్టు తేల్చినది. కాబట్టి తల్లికొరకు ఏదైన చేయదలచినవాడు తన చేతిలోనున్న దానిలోనుండియే, అనగా ఇల్లు, భూమి, బ్యాంకు సొమ్ము వంటివాటిలోనుండియే చేయవలెను. అది వ్రాతమూలముగానే చేయవలెను.

సిలువమీద ప్రభువు చేసినది ఈ పనియే. ఆయనకు ఇల్లు లేదు, పొలము లేదు. ధరించిన వస్త్రములు సైనికుల పాలైనవి. అట్టి సమయమున ఆయన తన తల్లిని చూచి, తాను ప్రేమించిన శిష్యునికి ఆమెను అప్పగించెనని యోహాను సువార్త పందొమ్మిదవ అధ్యాయము తెలుపుచున్నది. లోకపాపభారమును మోయుచున్న ఘడియలోకూడ తల్లి రేపు ఎచ్చట నివసించునను సంగతి ఆయనకు అల్పమైనదిగా కనబడలేదు. "ప్రభువే చూచుకొనును" అని చెప్పువారు, ఆ ప్రభువు తన తల్లి విషయములో ఏర్పాటు చేయకుండ ప్రాణము విడువలేదని గమనింపవలెను.

తల్లి యొక్కతెయే కాదు. మరణించిన కుమారుని విధవరాలు అత్తమామలయొద్దనే యుండి వారిని పోషించుచున్నను, మామగారి ఆస్తిలో ఆమె పిల్లలకు హక్కు కలదు గాని ఆమెకు లేదు. రూతును బోధించు సంఘములకు ఈ సంగతి తెలియవలెను. చట్టప్రకారము దత్తత ముగియని పెంపుడు బిడ్డ కూడ వారసుల లెక్కలోనికి రాదు. ప్రేమచేత కుటుంబములో చేరినవారిని చట్టము చూడలేదు. వీలునామా వారిని చూడగలదు. ఈ కారణముచేతనే దానిని కేవలము ధనికుల పత్రమనుట న్యాయము కాదు. రెండు గదుల ఇల్లున్నవానికే అది మరి యెక్కువ అవసరము.

వ్రాయకపోవుటవలన వచ్చు కీడుకు మన చరిత్రలో ఒక పాత సాక్ష్యము కలదు. బళ్లారిలో మాత్యూ అబ్రహాము అను దేశీయ క్రైస్తవుడు వ్యాపారములో మిక్కిలి సంపాదించి 1842లో వీలునామా లేకయే మరణించెను. అతని భార్య షార్లెట్, అతని తమ్ముడు ఫ్రాన్సిస్ ఆ ఆస్తికొరకు వ్యాజ్యమాడిరి. పూర్వము హిందువులైన కుటుంబము గనుక ఉమ్మడి ఆస్తి హిందూధర్మ ప్రకారము తనకును చెందునని తమ్ముడు వాదించెను. లండనులోని ప్రివీకౌన్సిలు 1863లో తీర్పు చెప్పు నాటికి అన్న చనిపోయి ఇరువదియొక సంవత్సరములు గడచినవి. క్రైస్తవుడైనవానిని హిందూధర్మము బంధింపదనియు, అతడు కోరినచో పాత ఆచారమును నిలుపుకొనవచ్చుననియు ఆ తీర్పులోని సారము. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ తీర్పును చదువుదురు. ఒక వదినయు మరదియు ఏమి కోల్పోయిరో ఆ పుస్తకములలో ఉండదు. అటుపిమ్మట 1865లో వచ్చిన వారసత్వ చట్టమే 1925 చట్టమునకు పూర్వరూపము.

వ్రాయవలెనని నిశ్చయించుకొన్నవానికి రెండవ ప్రశ్న ఎదురగును. ఏమి వ్రాయవచ్చును? చట్టము క్రైస్తవునికి ఇచ్చిన స్వేచ్ఛ భయంకరమైనంత విశాలము. ముస్లిము తన ఆస్తిలో సాధారణముగా మూడవ వంతుకు మించి వీలునామాతో ఇయ్యలేడు. క్రైస్తవుడు తన స్వంత ఆస్తినంతయు ఎవరికైనను వ్రాయవచ్చును. భార్యకు ఒక్క కాసు వ్రాయకపోయినను వీలునామా చెల్లును. కాబట్టి చట్టము ఆగినచోట మనస్సాక్షి ఆరంభము కావలెను.

కుమార్తెల విషయములో మన మనస్సాక్షి ఇంకను నిద్రపోవుచున్నది. పెండ్లిలో ఇచ్చినదే ఆమె భాగమని చెప్పి కుమారులకే ఇల్లు వ్రాయు తండ్రులు సంఘపెద్దలలోను ఉన్నారు. వరకట్నము 1961 నుండి నేరము; నేరముగా ఇచ్చినదానిని స్వాస్థ్యముగా లెక్కించుట ఎట్టి గణితమో! వీలునామా లేనప్పుడు 1925 చట్టము కుమారునికిని కుమార్తెకును సమభాగమే ఇచ్చుచున్నది. తిరువాన్కూరు క్రైస్తవులకు 1916లో చేయబడిన వేరొక చట్టము, కుమార్తెకు కుమారుని భాగములో నాలుగవ వంతో, ఐదువేల రూపాయలో, ఏది తక్కువైన అదియే ఇచ్చెను. మేరీ రాయ్ అను విద్యావేత్త దానిని ఎదిరింపగా, 1951 నుండి అక్కడను 1925 చట్టమే వర్తించునని సుప్రీంకోర్టు 1986లో తీర్పిచ్చెను. ఆ తీర్పు వెలువడిన తరువాత, కుమార్తెలకు భాగము పోకుండ చేయుటకు వీలునామాయే సాధనముగా వాడబడుట విచారకరము. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి అడిగినప్పుడు వారు అడిగినది న్యాయమేనని దేవుడు చెప్పినట్లు సంఖ్యాకాండము ఇరువదియేడవ అధ్యాయములో నున్నది. యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతోకూడ స్వాస్థ్యమిచ్చెను.

అయినను సమభాగమే ఎల్లప్పుడు న్యాయమని చెప్పుటయు తొందరపాటగును. ఉద్యోగము వదలుకొని పదిసంవత్సరములు తండ్రి మంచము ప్రక్కనున్న కుమార్తెకును, విదేశమునుండి పండుగకు మాత్రము ఫోను చేయు కుమారునికిని సమముగా పంచిన తండ్రి, సమత్వమును పాటించెనేగాని కృతజ్ఞతను పాటింపలేదు. ఎక్కువ తక్కువలు చేయువాడు దానికి కారణమును రెండు వాక్యములలో వ్రాయుట మేలు. కారణము తెలిసిన బిడ్డ కోపపడును, కాని కొంతకాలమునకు మరచును. కారణము తెలియని బిడ్డ జీవితమంతయు తండ్రి ప్రేమను గూర్చి సందేహించును. వీలునామాను కొరడాగా చేసి, "మాట వినకపోతే నీ పేరు తీసివేయుదును" అని బిడ్డలను బెదరించుటమాత్రము పితృత్వము కాదు.

సంఘమునకు వ్రాయుటను గూర్చి ఒక మాట. 1925 చట్టపు 118వ సెక్షను చాలకాలము క్రైస్తవులకు అడ్డుగానుండెను. అన్నదమ్ముల బిడ్డలో, అంతకంటె దగ్గరి బంధువులో ఉన్నవాడు మతధర్మ కార్యములకు ఆస్తి వ్రాయవలెనన్న, మరణమునకు కనీసము పండ్రెండు మాసములు ముందుగా వీలునామా వ్రాసి, ఆరు మాసములలోగా దానిని నిర్ణీత స్థలమున భద్రపరచవలెను. మరణశయ్యమీద పరలోకభయముతో కుటుంబమును మరచునేమో అను అనుమానము ఆ నియమము వెనుక నుండెను. జాన్ వల్లమట్టం అను కేరళ గురువు వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2003 జూలైలో ఆ సెక్షనును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఇతరులకు లేని ఆటంకము క్రైస్తవులకు మాత్రము ఉండుట అన్యాయమే, తీర్పు సరియైనదే. అయితే ఆ పాత అనుమానములో సత్యము లేదా? తలిదండ్రులకు ఉపయోగపడవలసినదానిని కొర్బాను అని చెప్పి వారిని విడిచిపెట్టువారిని ప్రభువు ఎంత కఠినముగా గద్దించెనో మార్కు సువార్త ఏడవ అధ్యాయమున చూడగలము. విధవరాలిని అద్దె గదికి పంపి, ఇంటిని మందిరమునకు వ్రాసిన దానము కొర్బానే. అట్టి దానమును అంగీకరింపకుండ తిప్పిపంపగల ధైర్యము కాపరులకు కావలెను.

ఇక వ్రాయు విధానము. అది జనులు తలంచినంత కష్టము కాదు. స్వస్థచిత్తము కలిగి పదునెనిమిదేండ్లు నిండిన ఎవరైనను వ్రాయవచ్చును. స్టాంపు కాగితము అక్కరలేదు; ఏ భాషయైనను చెల్లును. వ్రాయువాడు సంతకమో, వ్రేలిముద్రయో వేయవలెను. కనీసము ఇద్దరు సాక్షులు ఆ సంతకమును కన్నులార చూచియో, అది తనదేనని అతడు చెప్పగా వినియో, అతని యెదుట తాము సంతకములు చేయవలెను. సాక్షులిద్దరు ఒకేసారి ఉండవలెనని నియమము లేదు. స్వహస్తముతో వ్రాసినది గనుక సాక్షులు అక్కరలేదనుకొనుట పెద్ద పొరపాటు; అట్టి వీలునామా చెల్లదు.

సాక్షులను ఎన్నుకొనుటలోనే ఎక్కువమంది జారిపడుదురు. లబ్ధి పొందువాడుగాని, అతని భార్యగాని సాక్షిసంతకము చేసినయెడల, వీలునామా నిలుచును గాని అతనికి వ్రాసిన భాగము చెల్లదని 67వ సెక్షను చెప్పుచున్నది. కుమారునికి ఇల్లు వ్రాసి, దగ్గరనున్నదిగదా అని కోడలిచేత సాక్షిసంతకము చేయించిన తండ్రి, ఒక చేతితో ఇచ్చినదానిని మరియొక చేతితో తీసివేసినవాడగును. వ్రాయువానికంటె చిన్నవారిని, ఇంటికి సంబంధము లేనివారిని, పిలిస్తే కోర్టుకు రాగలవారిని సాక్షులుగా పెట్టుకొనుట మేలు. సంఘమునకు ఏదైన వ్రాసినప్పుడు ఆ సంఘకాపరి సాక్షిగా నుండుటను చట్టము నిషేధింపకపోయినను, వివేకము నిషేధించును.

మరియొక సంగతి క్రైస్తవులు తప్పక గుర్తుంచుకొనవలెను. వీలునామా వ్రాసినవాడు తరువాత వివాహము చేసికొనినయెడల, 69వ సెక్షను ప్రకారము ఆ వీలునామా దానంతటదే రద్దగును. హిందువులకు ఈ నియమము లేదు. భార్య చనిపోయిన పిమ్మట వీలునామా వ్రాసి, మరల పెండ్లి చేసికొన్నవాడు క్రొత్తది వ్రాయవలసినదే. నామినీ పేరు వ్రాసియున్నది గనుక వీలునామా ఎందుకనువారును ఉన్నారు. జీవిత భీమా విషయములో నామినీ సొమ్మును అందుకొనువాడేగాని, అందువలననే దానికి యజమాని కాడని సుప్రీంకోర్టు 1983లో చెప్పియుండెను; అయితే 2015 నాటి సవరణ తరువాత తలిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో ఆ నియమము వర్తింపదు.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినను చేయించుట మంచిది. ఊరి భూమి ఆంధ్రలోనున్నను వీలునామాను బిలాస్‌పూర్‌లో రిజిస్టరు చేయవచ్చును. తోర్వాలోని తెలుగువారికి ఇచ్చట ఒక చిక్కు కలదు. ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో, అధికారికి తెలియని భాషలో పత్రమున్నప్పుడు, జిల్లాభాషలోనికి చేసిన సరియైన అనువాదమును, అసలుకు నకలును జతచేయనిదే దానిని రిజిస్టరు చేయరాదని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 19వ సెక్షను చెప్పుచున్నది. తెలుగులో వ్రాసినవారు హిందీ అనువాదమును వెంట తీసికొనిపోవలెను. తల్లికి అర్థమగు భాషలో వ్రాయవలెనను కోరిక మాత్రము మంచిదే. అనువాదపు శ్రమ దానికి ఎక్కువ కాదు. పత్రములో మూడు పేర్లును, అవి ఒక్కనివే యను వాక్యమును వ్రాయవలెను. 2002 నాటి సవరణతో భారతీయ క్రైస్తవుల వీలునామాలకు ప్రొబేటు తప్పనిసరి కాకుండపోయినది. అది చిన్న కుటుంబములకు గొప్ప ఉపశమనము.

రిజిస్టరు చేయింపనివారు పత్రమును ట్రంకుపెట్టె అడుగున బట్టలక్రింద దాచిపెట్టుదురు. ఆ పెట్టె తాళపుచెవి ఎవరి చేతిలోనుండునో, వీలునామా భవిష్యత్తు వారి చేతిలోనుండును. జిల్లా రిజిస్ట్రారునొద్ద వీలునామాను ముద్రవేసిన కవరులో భద్రపరచు ఏర్పాటు అదే 1908 చట్టములో కలదు. కవరుపై వ్రాసినవాని పేరును, లోపలి పత్రము ఏ విధమైనదో తెలుపు మాటయు ఉండును. లోపలనున్నది అతడు బ్రతికియున్నంతకాలము మరియెవరికిని తెలియదు. కావలెనన్నప్పుడు అతడే దానిని వెనుకకు తీసికొని, మార్చి, మరల ఇయ్యవచ్చును. అతని మరణానంతరము దరఖాస్తు పెట్టుకొన్నవారి యెదుట రిజిస్ట్రారు దానిని తెరచి, నకలును తన పుస్తకములో ఎక్కించును. ఊరిలోనున్న తల్లికి ఈ సంగతి ముందుగా తెలిపి, కవరు ఏ జిల్లా కచేరీలోనున్నదో ఆమెయొద్ద ఒక చీటి వ్రాసియుంచవలెను.